కథ చెబితే చాలదా, తత్వం విడిగా చెప్పాలా?

పెన్నాతీరం: మన నెల్లూరు తిక్కన భీష్మపర్వంలో గీతను కొద్ది పద్యాల్లో ముగించేశాడు. మూలంలో 700 శ్లోకాలు! తత్వమంతా పాత్రల నడవడిలోనే ఉన్నప్పుడు విడిగా ఉపదేశం ఎందుకు? కథే ఆలోచన.

ఒంగోలు మాస్టారు: గీతను తగ్గించాడు, సరే. మరి శాంతిపర్వాన్ని ఎందుకు వదల్లేదు? యుద్ధం అయిపోయింది, భీష్ముడు అంపశయ్య మీద ధర్మాలు చెబుతున్నాడు. కథ ఎక్కడ నడిచింది?

కావలి శీను: గీత మొత్తం ఎన్ని పద్యాల్లో చెప్పాడన్నా?

పెన్నాతీరం: లెక్క కాదు శీనూ ముఖ్యం. మాస్టారూ, ఆ భీష్ముడు కూడా ధర్మరాజుకు కథ మీద కథ చెబుతాడు. మీ వైపు అద్దంకిలో, ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన అరణ్యపర్వం పూర్తి చేశాడు గదా, అందులో ధర్మవ్యాధుణ్ణి చూడండి. మిథిలలో మాంసం అమ్మేవాడు. వేదం చదివిన కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి ఆ అంగడికి పోయి నిలబడ్డాడు. పుట్టుక గొప్పదా, నడవడి గొప్పదా అని ఇంకెవరైనా వాదించాలా?

ఒంగోలు మాస్టారు: నిలబడ్డాక ధర్మవ్యాధుడు చేసిందేమిటి? ఉపదేశమే. అదీ చాలా పెద్దది. ఆ ముక్క మీరు దాటేస్తున్నారు.

కందుకూరు చదువరి: గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ఆదర్శ రాజ్యంలో కవులకు చోటు లేదన్నాడు. అదే పుస్తకంలో గుహలో బందీల కథ తనే చెప్పాడు.

పెన్నాతీరం: దాటేయడం కాదు, నాకు కడుపుమంట. మా తాత హరికథలు చెప్పేవాడు. కాలేజీలో ఒక సార్ అందరి ముందు "అవి పిట్టకథలు, వాటిలో ఆలోచన ఏముంది" అన్నాడు. మీరూ అదే మాట అంటున్నారు.

ఒంగోలు మాస్టారు: నా మంట కూడా వినండి. చిన్నప్పుడు గుళ్ళో పురాణం వింటూ, ఏకలవ్యుడి బొటనవేలు దగ్గర లేచి "గురువు అలా అడగడం తప్పు కాదా" అన్నాను. "కథ విను, ఎదురు ప్రశ్నలు వెయ్యకు" అని కూర్చోబెట్టారు. జనం కళ్ళు తుడుచుకున్నారు, అంతటితో ద్రోణుడిది ధర్మమైపోయింది. వాదంలో అయితే ఎదురు చెప్పే హక్కు ఉంటుంది.

పెన్నాతీరం: అంటే మీ గొడవ కథతో కాదు, ప్రశ్నను ఆపినవాళ్ళతో. ఆ కథ వినకపోతే మీకా ప్రశ్న పుట్టేదా?

ఒంగోలు మాస్టారు: పుట్టేది కాదు. కానీ మీ తాతగారు మాత్రం మధ్యలో అడగనిచ్చేవారా?

పెన్నాతీరం: మధ్యలో అడగనిచ్చేవాడు కాదు. మర్నాడు అరుగు మీద జనం కొట్లాడుకునేవాళ్ళు, తప్పు ద్రోణుడిదా అర్జునుడిదా అని. తాత అక్కడే కూర్చుని అందరికీ జవాబు చెప్పేవాడు.

ఒంగోలు మాస్టారు: దాన్నే నేను తత్వం అంటున్నాను. అది కథ అయిపోయాక జరిగింది.

పెన్నాతీరం: రాత్రి కథ లేకపోతే పొద్దున ఆ కొట్లాట ఎక్కడిది మాస్టారూ? నేను ఒప్పుకోను.