సమస్యాపూరణం: "అచ్చు లేని మాట హాయి గొలిపె"

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

అచ్చు లేని మాట హాయి గొలిపె

తెలుగులో అచ్చు లేకుండా మాటే పుట్టదు. పొల్లు కూడా పక్క అక్షరాన్ని పట్టుకునే పలుకుతుంది. మరి అచ్చు లేని మాట హాయి ఎలా ఇస్తుంది? చిక్కు అక్కడే ఉంది. దారి ఇంగ్లిషులో వెతకండి. సరిగ్గా ఐదు అక్షరాల మాట కావాలి. ఏ, ఈ, ఐ, ఓ, యూ – వీటిలో ఒక్కటీ అందులో ఉండకూడదు. ఆ మాట అర్థం పద్యం లోపలే తెలియాలి. పద్యం కింద రాసిన వివరణ లెక్కలోకి రాదు.

అవధానాలు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలంటే న్యస్తాక్షరి, ఫలానా అక్షరం రాకూడదంటే నిషిద్ధాక్షరి. ఫోన్లో వర్డిల్ ఆడే పిల్లలు ఆరు ప్రయత్నాల్లో ఐదక్షరాల మాటను పట్టుకోవడానికి చేసేది ఈ రెండూ కలిసిన పనే. అచ్చులన్నీ వేసి చూసినా ఒక్కటీ తగలనప్పుడు వాళ్లకొచ్చే టెన్షన్‌కి మందు కూడా ఈ మాటల్లోనే ఉంది.

మద్దిలపాలెం సభ్యురాలు:

నింఫ నంగ వనపు నీడలఁ దిరుగాడు
దేవకాంత యంచుఁ దెలియవలయు
వై యొకండె యచ్చు వలెఁ బలుకును జూడు
అచ్చు లేని మాట హాయి గొలిపె

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పూరణతోనే సమస్య ముడి విప్పేశారు. ఎన్, వై, ఎమ్, పి, హెచ్: ఐదు అక్షరాలూ సరిపోయాయి. మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. రాతలో అచ్చు లేదు, పలుకులో ఉంది. ఆ పని చేస్తున్నది వై. గ్రీకు వాళ్లకి ఉప్సిలాన్ అనే అచ్చు ఉండేది. గ్రీకు మాటలు రాసుకోవడానికి రోమన్లు దాన్నే వై రూపంలో తెచ్చుకున్నారు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఆ అక్షరాన్ని 'గ్రీకు ఐ' అనే పిలుస్తారు. నింఫ్, క్రిప్ట్, గ్లిఫ్ లాంటి మాటల్లో వై కనిపించడానికి కారణం ఇదే.

ఎంవీపీ కాలనీ మాస్టారు: నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట చేరుస్తాను. మాకు నింఫ్ అంటే రెక్కలు పూర్తిగా రాని పురుగు పిల్ల. తూనీగ పిల్ల ఆ దశలో నీళ్లలోనే బతుకుతుంది. ఆ అర్థంతో కూడా ఎవరైనా రాయాలి. లింఫ్ కూడా మీ నియమానికి సరిపోతుంది, ఒంట్లో రక్తంతో పాటు తిరిగే పలచని ద్రవం.

కంచరపాలెం సభ్యుడు: వై అచ్చుగా పలికితే అది అచ్చే కదండీ? అప్పుడు సమస్యే నిలవదు. నిజంగా అచ్చు లేని మాట కావాలంటే వేల్స్ దేశపు పాత తంత్రీవాద్యం క్రూథ్ ఉంది. సి, ఆర్, డబ్ల్యూ, టి, హెచ్. అందులో వై కూడా లేదు.

నిర్వాహకుడు: మంచి మాట తెచ్చారు. కానీ అక్కడ డబ్ల్యూ 'ఊ' అని పలుకుతోంది, వెల్ష్ భాషలో అది అచ్చు. కంటికి కనిపించే అక్షరం వేరు, చెవికి తగిలే ధ్వని వేరు. మన సమస్య కంటితో అడుగుతోంది, హాయి చెవికి కలుగుతోంది. ఆ రెంటి మధ్య ఎడాన్ని చూపించిన పద్యమే నాకు పూరణ. వాద్యం మీద ఒక పద్యం రాసి పెట్టండి బాబూ, ఎదురుచూస్తాను.

పాతనగరం సభ్యురాలు:

ఎమ్ము, వైయుఁ, బిదప నిరువు రార్లును, హెచ్చు
కలియ బోళ మాయెఁ గమ్మతావి
బాలయేసు కిడిరి ప్రాజ్ఞులు భక్తితో
అచ్చు లేని మాట హాయి గొలిపె

నిర్వాహకుడు: మర్ అనే చిన్న పలుకులో ఇన్ని అక్షరాలు దాక్కున్నాయని మొదటి పాదం ఎంత చక్కగా చెప్పింది! 'ఇరువు రార్లు' అనడంలో ఆ రెండు ఆర్‌లూ మనుషుల్లా నడిచి వచ్చాయి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) కూడా చూడండి, ఎమ్ములోని ఎకారానికి ఇరువురిలోని ఇకారం సరిపోయింది. తెలుగు బైబిల్లో బంగారం, సాంబ్రాణి పక్కన వినిపించే బోళం ఇదేనని క్రిస్మస్ పాటలు వింటూ పెరిగినవారికి వెంటనే తడుతుంది.

ఒక్క లోటు ఉంది. మూడో పాదంలో ఇచ్చింది బోళం, నాలుగో పాదంలో హాయి గొలిపింది మాట. ఆ రెంటి మధ్య వంతెన లేదు. ఇలా చూడండి:

పేరు పలుక నదియె పెదవిపై నిలిచెను

పాతనగరం సభ్యురాలు: అన్వయం కుదిరింది అన్నయ్యా, ఒప్పుకుంటాను. కానీ బాలయేసు పోతే నాకు పద్యమే పోయినట్టుంది. నా పాదమే ఉంచుతాను.

నిర్వాహకుడు: ఉంచండి అమ్మా. పద్యం మీది.

భీమిలి నుంచి కొత్త సభ్యుడు:

ట్రిస్ట నంగ ముందె చెప్పిన సమయాన
కలయి కనుచుఁ జెప్పెఁ గడలిగాలి
భీమిలి దరి నడచు ప్రేమికు లాలింత్రు
అచ్చు లేని మాట హాయి గొలిపె

నిర్వాహకుడు: గణాలన్నీ సరిపోయాయి బాబూ, మొదటి పాదంలో యతి మాత్రం తప్పింది. 'ట్రి'లో ట, ర రెండూ ఉన్నాయి, దేనితో వేసినా చెల్లుతుంది. 'చె' మాత్రం ఏ దారినా రాదు. 'ముందె డెందాలు కోరిన' అంటే డకారం టకారానికి మిత్రం, పైగా ప్రేమికుల అన్వయం బలపడుతుంది. ముందుగా అనుకుని కలుసుకోవడమనే అర్థం పద్యంలోనే ఉంది, నియమం పాటించారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగంలో విధితో కుదుర్చుకున్న కలయికకు వాడిన మాట ఇదే. దాన్ని మీరు భీమిలి ఒడ్డుకి తీసుకొచ్చారు.

గాజువాక సభ్యుడు:

అమ్మ జోలపాట కక్షర మేలనో
పుస్తకమున దాని పుట దొరకదు
నిదుర వచ్చువరకు నెమ్మదిగా సాగె
అచ్చు లేని మాట హాయి గొలిపె

అచ్చు అంటే ముద్రణ అని తీసుకున్నాను. ఇంగ్లిషు జోలికి పోలేదు.

నిర్వాహకుడు: ధార చాలా బాగుంది. రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. అయితే ఈ వారం నియమం ఐదక్షరాల మాట, అది ఇందులో లేదు. ఇంకొకటి: పాటతో మొదలుపెట్టి మాటతో ముగించారు. పోటీలో లేకపోయినా ఈ పద్యం ఇక్కడే ఉండాలి.

సింహాచలం సభ్యుడు:

గ్లిఫ్ఫ నంగ శిలనుఁ గీసిన గుర్తగు
సింహగిరిని గోడ చెప్పు నదియె
రాయలేలు నాటి రాత నేఁ జదివితి
అచ్చు లేని మాట హాయి గొలిపె

మద్దిలపాలెం సభ్యురాలు: నిర్వాహకులుగారూ, నా పద్యం కన్నా ఇదే ముందుండాలి. గాజువాక తమ్ముడు చెప్పిన అచ్చు కూడా ఇందులో ఉంది!

నిర్వాహకుడు: అవునమ్మా. గ్లిఫ్‌లో అచ్చక్షరం లేదు, శాసనం అచ్చు వేసినది కాదు, రాతి మీద చెక్కినది. ఒకే పాదం రెండు అర్థాల్లోనూ నిజమైంది. 1516లో కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చిన సంగతి అక్కడి శాసనంలోనే ఉంది కాబట్టి మూడో పాదం కేవలం కల్పన కాదు. 'గీసిన' కన్నా 'చెక్కిన' అయితే రాతికి ఇంకా న్యాయం జరిగేది, యతి కోసం గీత దగ్గర ఆగారు. ఈ వారం నా ఓటు దీనికే. ఆదివారం ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో కలిసినప్పుడు రాగం తీసి చదవండి.

ఆరు అక్షరాల రిథమ్, సిజిజీ పంపినవారు నియమం మళ్లీ చూడండి. షైలీ, స్లైలీ, డ్రైలీ అని వరసగా పంపినవారికి: లెక్క సరిపోయింది, పద్యం మాత్రం రాలేదు.

వచ్చే వారానికి:

తోడు లేక క్యూయె దూరమేఁగె

మళ్లీ ఐదక్షరాల ఇంగ్లిషు మాటే. క్యూ ఉండాలి, దాని వెంటనే యూ రాకూడదు. ఫకీర్, నికాబ్ మీకు తెలిసినవే. కానాత్ అని ఇంకొకటి ఉంది, పర్షియాలో భూమి లోపలినుంచి నీళ్లు పారించే కాలువ. మనకి దగ్గర్లో చూడాలంటే బీదర్‌లో ఉంది. యతి తో, దూ. శనివారం రాత్రిలోగా పంపండి.