సింప్సన్ ఎడారి మీదుగా గైడెడ్ డర్ట్ బైక్ టూర్: నాలాంటి రైడర్‌కి సరిపోతుందా?

రెండోగేరు:

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలో సింప్సన్ ఎడారి దాటించే గైడెడ్ టూర్ ఒకటి చూశాను. పడమర వైపు మౌంట్ డేర్‌లో మొదలై, డాల్‌హౌసీ ఊటలు, ఫ్రెంచ్ లైన్, పోపెల్ కార్నర్ మీదుగా బర్డ్స్‌విల్‌లో ముగుస్తుంది. జులైలో. సామాన్లు, పెట్రోలు, వంట అన్నీ వెనకొచ్చే ట్రక్కులో. మన పని బండి నడపడమేనట.

నా సంగతి: సుజుకీ డీఆర్-జెడ్ 400 ఉంది. అడవి దారులు, రాళ్ల ఎత్తులు, బురద, వీటిలో పర్వాలేదు. ఇసుక అనుభవం అంటే సముద్రం ఒడ్డు దారుల్లో కాసేపు తిప్పడమే, అదీ ముందు చక్రం దాని ఇష్టానికి పోతుంటే పళ్లు బిగబట్టి. వయసు నలభై దాటింది. టూర్ వాళ్లను అడిగితే "ఇంటర్మీడియట్ రైడర్లకు ఓకే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దాంతో నాకు తెలిసిందేమీ లేదు. ఇంట్లో ఆవిడకి టెన్షన్, ఆవిడని చూసి నాకు టెన్షన్.

దారిలో సుమారు 1100 ఇసుక దిబ్బలు అంటున్నారు. గైడ్ ఉంటే ఇందులో కష్టం ఎంత తగ్గుతుంది? నా బండే తీసుకెళ్లాలా, వాళ్ల కేటీఎమ్ అద్దెకు తీసుకోవాలా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వెనకబండి:

ఇలాంటి గుంపుల్లో చివరి బండి నాది. పడ్డవాళ్లను లేపేది, ఆగిన బండి ఎందుకాగిందో చూసేది నేనే. అందరి దుమ్మూ తిన్నవాడిని కాబట్టి మాట కాస్త కరుగ్గా ఉంటుంది, ఏమనుకోకండి.

గైడ్ ఉంటే దారి తప్పరు, నీళ్లకు ఇబ్బంది పడరు. దిబ్బ మాత్రం మీరే ఎక్కాలి. అక్కడ దిబ్బలన్నీ దాదాపు ఉత్తర దక్షిణాలుగా వరసగా పరుచుకుని ఉంటాయి. ఫ్రెంచ్ లైన్ వాటికి అడ్డంగా పోతుంది. 1960ల్లో చమురు వెతకడానికి వచ్చిన ఫ్రెంచ్ కంపెనీ సర్వే కోసం వేసుకున్న దారి అది, దిబ్బను చుట్టి పోవడం వాళ్ల పని కాదు. అందుకని ఎక్కు, దిగు, మళ్లీ ఎక్కు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

ఒక మంచి సంగతి. పడమటి వైపు దిబ్బ మెల్లగా లేస్తుంది, తూర్పు వైపు నిటారుగా ఉంటుంది. మీ టూర్ పడమర నుంచి తూర్పుకు కాబట్టి సులువు వైపు నుంచే ఎక్కుతారు. ఇదే దారిని బర్డ్స్‌విల్ నుంచి మొదలుపెడితే ఆ "ఇంటర్మీడియట్" లెక్కంతా మారిపోతుంది. ఇక తూర్పుకు పోయేకొద్దీ దిబ్బల ఎత్తు పెరుగుతుంది. ఆఖరున బిగ్ రెడ్, దాదాపు 40 మీటర్లు. చేతులు బాగా అలిసిపోయాక దాని ముందుకు చేరతారన్నమాట.

అయినా నేను ఎక్కువమందిని లేపింది పెద్ద దిబ్బల మీద కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లవాళ్లు కొందరు టైర్లలో గాలి తగ్గించకుండా దిబ్బెక్కబోతారు. చక్రాలు అక్కడే తిరిగి తిరిగి దారంతా వరస గుంటలు పడతాయి. మీరు ఊపందుకునే చోటే ఈ గుంటలుంటాయి. భయం వేయగానే చెయ్యి దానంతటదే థ్రాటిల్ మూసేస్తుంది. మూయగానే బరువు ముందుకొస్తుంది, ముందు చక్రం ఇసుకలో దిగబడుతుంది, హ్యాండిల్ ఓ పక్కకి గుంజుతుంది. మీరు దాన్ని సరిచేయబోతారు, అది ఇంకో పక్కకి గుంజుతుంది. అప్పుడు నేనొస్తాను.

నిలబడి నడపండి. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి, హ్యాండిల్ మీద వేళ్లు ఆనితే చాలు. చూపు ముందు చక్రం మీద కాకుండా దిబ్బ పైకి ఉండాలి. అడవిలో నడిపే గేరు కంటే ఒక గేరు పైన పెట్టి, థ్రాటిల్ తెరిచే ఉంచండి. దిబ్బ నెత్తికి చేరేటప్పుడు మాత్రం వేగం తగ్గాల్సిందే, అవతలి నుంచి బండొస్తుంటే మీకు కనపడదు. అక్కడ వాహనాలకు పొడవాటి కర్ర మీద జెండా కట్టేదీ, రేడియోలో చానల్ 10 పెట్టుకుని వింటూ ఉండేదీ అందుకే.

ఇప్పుడు టూర్ వాళ్లను ఏం అడగాలో చెప్తాను. గైడ్ ఎంత మొనగాడో అడగొద్దు, వెనకాల ఎవరో అడగండి. చివరి బండివాడి దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటుందా, లేక అది అందరికంటే ముందుపోయే గైడ్ సంచిలోనే ఉంటుందా? మలుపు వచ్చినప్పుడల్లా గైడ్ తన వెనకున్న మనిషిని అక్కడ నిలబెట్టి, చివరి బండి వచ్చాకే కదలమనే పద్ధతి పాటిస్తారా? ట్రక్కు ఎంత వెనక వస్తుంది? ఇసుకలో బండి పెట్రోలు తాగే లెక్క వేరు, ట్రక్కు ఎక్కడో దిగబడితే మీరు ఖాళీ ట్యాంకుతో దిబ్బ మీద కూర్చుంటారు. ఒకరికి దెబ్బ తగిలి ట్రక్కెక్కితే ఆ మనిషి బండి ఎక్కడ పెడతారు? ట్రక్కులో చోటు లేకపోతే ఎవరు నడుపుతారు?

అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు మిమ్మల్ని ఏం అడిగారు? మీ ఇసుక అనుభవం ఎంతో కనుక్కోకుండా అడ్వాన్స్ పుచ్చుకునేవాడి గుంపులో నేనైతే చేరను. మిగతా పదిమందినీ అలాగే చేర్చుకుని ఉంటాడు. వాళ్లు ఒక్కొక్కరూ పడ్డప్పుడల్లా మీరు ఎండలో ఆగాలి.

వయసు సంగతి వదిలేయండి. మొదటి పూటే బలమంతా ఖర్చుపెట్టేసేది కుర్రాళ్లే. వెళ్లే ముందు ఎక్కడైనా ఇసుక దారిలో ఒక రోజంతా నిలబడి నడపండి. సాయంత్రానికి క్లచ్ లివర్ ఇబ్బంది లేకుండా నొక్కగలిగితే డబ్బు కట్టేయండి. బండి మాత్రం అద్దెదే మేలు, తేలిగ్గా ఉంటుంది, ఎత్తడానికి నా నడుముకీ మంచిది.

క్లచ్‌ప్లేట్:

వెనకబండి అన్నా, బండి విషయంలో మాత్రం ఒప్పుకోను. కేటీఎమ్ తేలికే, కానీ కొత్త బండి, కొత్త నేల, రెండూ ఒకేసారి ఎందుకు? డీఆర్-జెడ్ మొండిది, దాని గుణం ఆయనకు తెలుసు. కాస్త పెద్ద ట్యాంకు, మందమైన ట్యూబులు, టైరును రిమ్‌కి బిగించి పట్టే రిమ్ లాకులు వేయిస్తే సరిపోతుంది. రిమ్ లాక్ లేకుండా గాలి 12-14 పీఎస్‌ఐకి దించితే టైరు రిమ్ మీద తిరిగిపోయి ట్యూబు మూతి తెగుతుంది. అద్దె బండి పడితే బిల్లు మన మీదే, దాని అగ్రిమెంట్ చదివారో లేదో?

సొంత బండైతే ఎయిర్ ఫిల్టర్లు నూనె పట్టించి, ఒక్కోటి ఒక్కో కవర్లో పెట్టి రోజుకొకటి చొప్పున తీసుకెళ్లండి. సాయంత్రం క్యాంపులో పాతది తీసేటప్పుడు తొందరపడొద్దు. సీటు తీశాక ముందు చుట్టూ ఉన్న ఎర్ర ఇసుకను తడిగుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే ఫిల్టర్ కదపాలి. లేదంటే అంచున పేరుకున్నదంతా నేరుగా ఇంజిన్ గొంతులోకి జారుతుంది. కొత్తది పెట్టే ముందు అంచు చుట్టూ పల్చగా గ్రీజు రాయండి. చీకట్లో, చలిలో, ఆకలితో చేసే పని ఇది. తలకు కట్టుకునే లైటు మరవొద్దు.

నీలిసంచి:

బండి గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. నేను కాగితాల సంగతి చెప్తాను.

బండికి రిజిస్ట్రేషన్, మీకు మోటార్ సైకిల్ లైసెన్స్ ఉండాల్సిందే, ఎడారి కదా ఎవరు చూస్తారనుకోవద్దు. దక్షిణ ఆస్ట్రేలియా వైపు ఎడారి పార్కులోకి వెళ్లడానికి డెజర్ట్ పార్క్స్ పాస్ కావాలి, అది టూర్ ఖర్చులో కలిసిందో లేదో అడగండి. ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఎండల వల్ల ఆ పార్కు మూసేస్తారు, మీది జులై కాబట్టి ఆ చింత లేదు. దారిలో వచ్చే ఐర్ క్రీక్ అనే వాగు సంగతి మాత్రం కనుక్కోండి. ఎడారిలో చుక్క పడకపోయినా ఎక్కడో ఉత్తరాన కురిసిన వాన వారాల తర్వాత అక్కడికి వరదగా వచ్చి దారికి అడ్డంపడుతుంది. అప్పుడు చుట్టుదారి పట్టాలి, పెట్రోలు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్సూరెన్స్ పాలసీలో "ఆఫ్ రోడ్" అన్న మాట, ఇంజిన్ సీసీ పరిమితి, ఈ రెండూ వెతికి చదవండి. చాలా ట్రావెల్ పాలసీలు అక్కడే చేతులెత్తేస్తాయి. రాయల్ ఫ్లయింగ్ డాక్టర్లు 1928 నుంచి ఆ మారుమూల ప్రాంతాలకు విమానంలో వెళ్లి వైద్యం చేస్తున్నారు, గొప్ప సేవ. కానీ విమానం దిగాలంటే దిగే చోటు ఉండాలి కదా, దిబ్బల మధ్య అది దొరకదు. విమానం దిగే చోటుదాకా మిమ్మల్ని ట్రక్కు మోసుకురావాలి, లేదా హెలికాప్టర్ కోసం ఎదురుచూడాలి. ఆవిడకి ఈ పేరా చూపించొద్దు.

ఇంకొకటి, ఆ బ్రోషర్లో "మనిషి అడుగుపెట్టని నేల" అని ఉంటే నవ్వుకుని వదిలేయండి. 1936లో టెడ్ కాల్సన్ ఒంటెలతో దాటాడు, యూరోపియన్లలో ఆయనే మొదటివాడని చెప్తారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచి అక్కడి ఆదివాసులైన వాంగ్‌కాంగురు జనం దిబ్బల మధ్య లోతైన బావులు తవ్వుకుని అక్కడే బతికారు.

రెండోగేరు:

అందరికీ థాంక్స్. వెనకబండి గారి ప్రశ్నలన్నీ రాసి పంపాను. ఈసారి ఫోన్ చేసి మాట్లాడారు. శాటిలైట్ ఫోన్లు రెండు, ఒకటి చివరి బండి దగ్గరేనట. ట్రక్కులో రెండు బళ్లకు చోటుంది. "మూడో బండి పడితే?" అంటే నవ్వేశారు, అదొక్కటీ నచ్చలేదు. నా ఇసుక అనుభవం గురించి మాత్రం ఇప్పుడే అడిగారు, అదీ నేను గుర్తుచేశాకే. అందుకే ఇంకో టూర్ వాళ్లకూ ఇవే పంపించాను, ఇంకా జవాబు రాలేదు.

బండి నాదే తీసుకెళ్తాను. బూట్లు, మోకాలి బ్రేసులు ఎలాంటివి కొనాలి? రాత్రిళ్లు చలి ఎలా ఉంటుంది?

వెనకబండి:

మూడో బండి ప్రశ్న వదలొద్దు, మళ్లీ అడగండి.

బూట్లు మోటోక్రాస్‌వే కొనండి, చీలమండ దగ్గర మడత పడనివి. ఇసుకలో బండి నెమ్మదిగానే పడుతుంది, కానీ కాలు కింద ఇరుక్కుంటుంది. ఇప్పటి నుంచే వేసుకుని తిరగండి, కొత్త బూట్లతో గేరు లివర్ దొరకదు. బ్రేసులు ప్యాంటు లోపల పట్టేలా చూసుకోండి. నీళ్ల సంచి 3 లీటర్లది. జులై రాత్రిళ్లు సున్నా దగ్గరికి పోతాయి, కాబట్టి స్లీపింగ్ బ్యాగ్ దగ్గర పిసినారితనం వద్దు. డాల్‌హౌసీలో మాత్రం నీళ్లు 34-38 డిగ్రీలు, ఒళ్లు నొప్పులకు భలే ఉంటుంది. తువ్వాలు ట్రక్కులో అడుగున పడేయకండి.