అంతరకోణం 156 డిగ్రీలైతే భుజాలు ఎన్ని?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఒక క్రమ బహుభుజిలో ఒక్కో అంతరకోణం 156 డిగ్రీలట, భుజాలు ఎన్నో చెప్పాలట. భుజాల సంఖ్యలోంచి 2 తీసేసి 180తో గుణిస్తే కోణాల మొత్తం వస్తుందని వాడికి తెలుసు. ఇక్కడ భుజాల సంఖ్యే తెలియదు కదా అని ఆగిపోయాడు. పోనీ బాహ్యకోణం కనుక్కోరా అంటే 360లోంచి 156 తీసేసి 204 అంటున్నాడు. రేపే పరీక్ష, నాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: తేడా ఆ 204 దగ్గరే వచ్చిందండీ. చాలామంది పిల్లలు మూల చుట్టూ బయట మిగిలిందంతా బాహ్యకోణమే అనుకుంటారు. స్కేలు పెట్టి ఒక భుజాన్ని మూల దాటించి ముందుకు పొడిగించమనండి. ఆ పొడిగించిన గీతకీ పక్క భుజానికీ మధ్య ఉన్నదే బాహ్యకోణం. గీత తిన్ననిది కాబట్టి లోపలిదీ బయటిదీ కలిపితే 180. అంటే ఇక్కడ బాహ్యకోణం 24.

లోపలికి నొక్కుకుపోయిన మూల లేకపోతే చాలు, భుజాలు ఎన్నున్నా బాహ్యకోణాల మొత్తం 360. క్రమ బహుభుజిలో అవన్నీ సమానం. 360ని 24తో భాగిస్తే 15 భుజాలు. సరిచూడాలంటే మీవాడి సూత్రమే వాడండి: 13ని 180తో గుణిస్తే 2340, దాన్ని 15తో భాగిస్తే 156.

ఆ 360 ఎందుకో కూడా చెప్పండి, లేకపోతే వారంలో మర్చిపోతాడు. నేల మీద సుద్దతో పంచభుజి గీసి, గీత మీద నడవమనండి. ప్రతి మూలలోనూ కొంత తిరుగుతాడు. బయల్దేరిన చోటికొచ్చి మళ్లీ మొదటి వైపే చూసేసరికి ఒక పూర్తి చుట్టు అయిపోతుంది. క్రమ పంచభుజి అయితే మూలకి 72 చొప్పున తిరిగినట్టు.

ప్రశ్న: స్క్రాచ్‌లో (పిల్లలు కోడింగ్ నేర్చుకునే ప్రోగ్రామ్) మా పాప పంచభుజి కోసం 108 పెట్టింది. గీతలు ఒకదాన్నొకటి కోసుకుపోతున్నాయి, బొమ్మ మూసుకోవడం లేదు. కారణం ఇదేనా?

జవాబు: ఇదే. 108 అంతరకోణం. అక్కడ ఇవ్వాల్సింది తిరిగే కోణం, అంటే 72. ఐదుకి బదులు పదిసార్లు నడిపిస్తే ఆ 108తోనే పది కొనల నక్షత్రం వస్తుంది, ఓసారి చూడమనండి!

ప్రశ్న: నేను వడ్రంగం పని చేస్తాను. ఎనిమిది పలకల అద్దం ఫ్రేముకి కోత ఎంత పెట్టాలి?

జవాబు: బాహ్యకోణం 45. మూలలో రెండు ముక్కలు కలుస్తాయి కాబట్టి ఒక్కోదానికి సగం, 22.5. అంతరకోణం 135లో సగం 67.5 అని మిషన్ మీద వెతక్కండి. అడ్డంగా తిన్నగా కోసేదాన్నే అది సున్నాగా చూపిస్తుంది. మొత్తం పదహారు కోతలు. ఒక్కోటి అర డిగ్రీ ఒకే వైపు తప్పినా చివరి మూల దగ్గరికొచ్చేసరికి 8 డిగ్రీల సందు పడుతుంది. ముందు పనికిరాని చెక్క మీద కోసి, జిగురు రాయకుండా ఎనిమిదీ పేర్చి చూసుకోండి.

ప్రశ్న (మొదటివారే): 15 వచ్చిందండీ, థాంక్స్. వాడిప్పుడు 155 ఇస్తే ఎలా అని అడుగుతున్నాడు.

జవాబు: బాహ్యకోణం 25, భాగిస్తే 14.4. భుజాలు అలా ముక్కల్లో ఉండవు కదా. అలాంటి క్రమ బహుభుజి లేదని రాస్తే చాలు.