సిక్సర్లు బాదితే ‘ఊచకోత’ అనవచ్చా?

హనుమకొండ టీచర్:
తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. మా పిల్లలకు పాఠం కంటే క్రికెట్ వార్త మీద శ్రద్ధ ఎక్కువ. అందుకే ఇంగ్లిష్ పత్రికల ఆటల పుట నుంచి శీర్షికలు కత్తిరించి బోర్డుకు అంటించి, వాటిలోని క్రియలకు తెలుగు రాయమన్నాను. థ్రాష్, ట్రౌన్స్, రౌట్, పమ్మెల్, హ్యామర్. చాలామంది ‘చిత్తుగా ఓడించు’ అని రాశారు. ఒక అబ్బాయి అన్నింటికీ ఒకే మాట రాశాడు: ఊచకోత. ఎక్కడ చూశావని అడిగితే, “పేపర్లో మేడం, సిక్సర్లతో ఊచకోత అని వేశారు” అన్నాడు.

అంతకు వారం ముందే, సెప్టెంబరు 2న, ఆ తరగతికి పరకాల గురించి చెప్పాను. 1947లో అదే రోజున జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద అక్కడ కాల్పులు జరిగాయి. ఆ రోజు నేను వాడిన మాట కూడా ఊచకోతే. అబ్బాయికి అది గుర్తుంది. “మరి పరకాలలో ఎంత తేడాతో ఓడిపోయారు మేడం?” అని అడిగాడు. వాడు ఆకతాయి కాదు, తెలియకే అడిగాడు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని కాసేపు మాట రాక నిలబడిపోయాను.

ఆట గెలుపుకు ఈ మాట వాడటం మానేయాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. మీరేమంటారు?

డెస్కు మనిషి, వరంగల్:
మేడం, ఆటల పుట దిద్దేవాళ్లలో నేనూ ఒకడిని. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్ జరిగింది. శ్రీలంక 50 పరుగులకే ఆలౌట్. మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ 21 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు, అందులో నాలుగు ఒక్క ఓవర్లోనే. మనవాళ్లు 6.1 ఓవర్లలో పని ముగించారు. అలాంటి రోజున ‘భారత్ గెలుపు’ అని శీర్షిక పెడితే పాఠకుడికి ఆ ఆట చేరినట్టేనా? చివరి బంతికి గట్టెక్కిన మ్యాచ్‌కూ, దీనికీ ఒకే మాటా? ఇంగ్లిష్ వాళ్లకు ఇరవై క్రియలున్నాయి. మాకు ‘చిత్తు’ ఒక్కటే. రోజూ అదే రాస్తే అరిగిపోయింది. ఊచకోత అన్నప్పుడు ఎవరూ శవాలను ఊహించుకోరు, బంతి స్టాండ్లలో పడటమే ఊహించుకుంటారు.

పరకాల రైతు:
మాకు ‘చిత్తు’ ఒక్కటే అన్న మాట దగ్గర ఆగిపోయాను సార్. చిత్తు కుస్తీ గోదాలోది, ప్రత్యర్థిని వెల్లకిలా పడేయడం. మట్టి కరిపించడం కూడా అక్కడిదే. ఉతికి ఆరేయడం చాకిరేవు బండ దగ్గరిది. దుమ్ము దులపడం, చితకబాదడం, మూడు చెరువుల నీళ్లు తాగించడం, ఇవన్నీ ఎక్కడికి పోయాయి? చెరువుల జిల్లాలో కూర్చుని చివరిది మరిచిపోతే ఎలా?

మా నాన్న వరి కట్టను రెండు చేతులా తలపైకి ఎత్తి బండకేసి కొట్టేవాడు. మూడు దెబ్బలు, కట్ట తిప్పి మరో రెండు. గింజ రాలాలి, గడ్డి విరగకూడదు, అదీ పనితనం. తొమ్మిదేళ్ల వయసులో నేను కొడితే గడ్డి నలిగేది, గింజలు కంకికే ఉండేవి. బలం ఒక్కటే సరిపోదని అప్పుడే తెలిసింది. థ్రాష్ అనే మాటకు మూలం ఈ పనేనని మా అమ్మాయి చెప్పింది. నిజమేనా మేడం?

హనుమకొండ టీచర్:
నిజమే అన్నా. ధాన్యం నూర్చడాన్ని ఇంగ్లిష్‌లో థ్రెష్ అంటారు. ఆ మాటే కొంచెం మారి థ్రాష్ అయింది. ముందు కల్లంలో ధాన్యాన్ని కొట్టడం, తర్వాత మనిషిని కొట్టడం, ఆ తర్వాత ఆటలో ఓడించడం. నూర్చాక తూర్పారబడతాం కదా, మనం ఆ పనిని తిట్టుకు వాడుకున్నాం. మంత్రిని ప్రతిపక్షం తూర్పారబట్టిందని రోజూ చదువుతున్నాం.

కాజీపేట పాఠకుడు:
టీచర్ గారూ, మీ వాదన మీకే అడ్డం తిరుగుతుంది. ఊచ అంటే లేత కంకి. పచ్చజొన్న కంకులు కాల్చి రాల్చిన ఊచబియ్యం మన ఊళ్లలో తినని వాళ్లుంటారా? ఊచకోత కూడా పొలంలో పుట్టిన మాటే, కంకులు కోసినట్టు నరకడం. థ్రాష్ పొలం నుంచి ఆటలోకి రావచ్చు గానీ ఇది రాకూడదా? ఇంగ్లిష్‌లో డెసిమేట్ ఉంది. రోమన్ సైన్యంలో శిక్షగా పదిమందిలో ఒకరిని తోటి సైనికుల చేతే చంపించడం దాని మొదటి అర్థం. ఈ రోజు ఆ మాట విని ఎవరైనా ఉలిక్కిపడుతున్నారా? మాట అరుగుతుంది, అది దాని స్వభావం. మాటకు కాపలా పెట్టలేం.

హనుమకొండ టీచర్:
పుట్టుక విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. పొలంలో పుట్టింది కాబట్టి మంచి మాట అని నేను అనలేను. నా అభ్యంతరం మాట ఎక్కడ పుట్టిందన్న దాని మీద కాదు, ఇప్పుడు ఎక్కడ ఉందన్న దాని మీద. రోమన్ సైనికుల కోసం ఈ రోజు ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు. పరకాలలో, బైరాన్‌పల్లిలో అలా కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు పడిన సంగతి చెప్పుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో జరిగిన దానికి పెట్టుకున్న పేరు ఇది. ఆ పేరును ప్రతి ఐపీఎల్ సాయంత్రం వాడి అరగదీస్తే, వాళ్లకు మనం ఇంకే మాట ఇస్తాం?

ఇంకొకటి, డెస్కు సార్‌కు. ఊచకోత అన్నంత మాత్రాన ఆట ఎలా సాగిందో తెలియదు. ఎక్కువ పరుగులు వచ్చాయని మాత్రమే తెలుస్తుంది. మిగతా క్రియలు అలా కాదు. రౌట్ అంటే వరుస విరిగిన సేన చెల్లాచెదురుగా పారిపోవడం. మన ‘కకావికలు’ సరిగ్గా అదే. సిరాజ్ ఆ ఓవర్ తర్వాత శ్రీలంక జట్టు కకావికలైంది, ఆ మాట అక్కడ అతికినట్టు ఉంటుంది. పమ్మెల్ అనేది కత్తి పిడి చివర ఉండే గుండు పేరు నుంచి వచ్చింది. తెలుగులో పిడి అంటే కత్తి పిడీ అవుతుంది, పిడికిలీ అవుతుంది. పిడిగుద్దులు అంటే చాలు, ఆగకుండా పడే దెబ్బలు కళ్లకు కడతాయి. వరుసగా సిక్సర్లు పడిన ఓవర్‌కు ఇంతకన్నా ఏం కావాలి? ట్రౌన్స్ పుట్టుక నిఘంటువులకే అంతుపట్టలేదు, దాన్ని ‘చిత్తు’కు వదిలేద్దాం.

డెస్కు మనిషి, వరంగల్:
‘కకావికలు’ తీసుకుంటాను మేడం. పిడిగుద్దులు కూడా. పరకాల సంగతి చదివాక బ్యాటింగ్ వార్తలకు ఊచకోత పెట్టాలంటే నాకూ చేయి ఆడదు. కానీ కాజీపేట ఆయన అన్నదాంట్లో బలముంది, నేను మానేసినంత మాత్రాన మాట ఆగదు. టీవీలో మానరు, ఫోన్లలో మానరు. ఇక ‘నూర్చారు’ అని శీర్షిక పెడితే ఎంతమందికి అర్థమవుతుంది?

కాజీపేట పాఠకుడు:
అదే నా మాట. పాఠకుడికి తెలియని మంచి మాట కంటే తెలిసిన మాటే మేలు. పరకాల విషయంలో మాత్రం ఆ పిల్లవాడి ప్రశ్న చదివాక మనసు కలుక్కుమంది, అది దాచను.

పరకాల రైతు:
నూర్పిడి మా ఊరి పిల్లలకే తెలియదు సార్. కోత యంత్రం వచ్చాక కల్లం పోయింది, మడిలోనే గింజలు ట్రాక్టర్‌లో పడుతున్నాయి. అయితే విత్తనం వడ్లకు మేము ఇంకా నాలుగు కట్టలు చేత్తోనే కొడతాం. నవంబరులో కోతలు. ఒక ఆదివారం పిల్లలను తీసుకురండి మేడం, ఆ అబ్బాయిని తప్పకుండా. బండ శుభ్రం చేసి ఉంచుతాను.