పీఎఫ్ 7ఏ నోటీసు: స్పెషల్ అలవెన్స్ మీద కూడా కట్టాలా? వేరే రాష్ట్రం హైకోర్టు తీర్పు మనకు పనికొస్తుందా?

భీమవరం_లెక్కలు:
నమస్కారమండీ. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, రోల్స్ మీద 140 మంది. ఒక్కొక్కరికి బేసిక్ 9,000, ఇంటద్దె 3,000, కన్వేయన్స్ 1,200, స్పెషల్ అలవెన్స్ 1,800, మొత్తం 15,000. పీఎఫ్ బేసిక్ మీదే కట్టారు. 2021-22కి అలవెన్సుల మీద కూడా కట్టాలని పీఎఫ్ ఆఫీసు నుంచి 7ఏ నోటీసు (బకాయి ఎంతో తేల్చే విచారణకు పిలుపు) వచ్చింది. స్పెషల్ అలవెన్స్ కలపక్కర్లేదని కలకత్తా హైకోర్టు చెప్పింది, ఆ కాపీ జతచేస్తే చాలని కన్సల్టెంటు గారు అంటున్నారు. పైగా మొత్తం జీతంలో బేసిక్ సగం దాటింది కదా, ఇబ్బంది లేదని కూడా అంటున్నారు. తొక్క వలిచేవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు, వాళ్ళ వివరాలూ అడిగారు. విచారణ 12 రోజుల్లో ఉంది. ఏం చేయాలి?

కోనసీమ_లేబర్‌లా:
ఆ కాపీ మాత్రం పెట్టకండి. మీకే ఎదురు తిరుగుతుంది. ఆ కలకత్తా తీర్పునే సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న కొట్టేసింది. వివేకానంద విద్యామందిర్ కేసంటే అదే. మధ్యప్రదేశ్, మద్రాసు హైకోర్టుల నుంచి వెళ్ళిన అప్పీళ్ళనూ దాంతో కలిపే తేల్చారు. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పింది దేశమంతటికీ చట్టం. మీ నోటీసు ఆ తీర్పు వచ్చిన రెండేళ్ళ తర్వాతి కాలానిది, అప్పటికి తెలియదనే వాదన కూడా కుదరదు.

తీర్పు పెట్టిన పరీక్ష ఇదండీ: ఆ అలవెన్సు అందరికీ, మామూలుగా, ఒకేలా ఇస్తున్నారా? ఇస్తుంటే దానికి ఏ పేరు పెట్టినా బేసిక్ కిందే లెక్క. ఎక్కువ పని చేసినందుకో, కొందరికే ప్రత్యేకంగానో ఇచ్చినట్టు చూపగలిగితే బయట ఉంటుంది. ఇంటద్దెను పీఎఫ్ చట్టమే 2(బి) సెక్షనులో మినహాయించింది, దాన్ని ముట్టుకోరు.

మీ లెక్కలో కలిసేది కన్వేయన్స్ 1,200, స్పెషల్ అలవెన్స్ 1,800, వెరసి 3,000. దాని మీద 12 శాతం అంటే 360, కార్మికుడిదీ యజమానిదీ రెండు వాటాలూ కలిపి 720. 140 మందికి నెలకు 1,00,800, ఏడాదికి 12,09,600. పరిపాలన ఛార్జీ, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో ముడిపడ్డ బీమా) చెరో అర శాతం కలిపితే ఇంకో 50,400. మొత్తం 12,60,000. ఇందులో కార్మికుల వాటాను ఇప్పుడు వాళ్ళ జీతంలో కోయడానికి లేదు. పీఎఫ్ స్కీము 32వ పేరా ప్రకారం ఏ నెల వాటా ఆ నెల జీతంలోనే కోయాలి. కాబట్టి రెండు వాటాలూ యజమాని మీదే పడతాయి.

దీనికి పైన 7క్యూ సెక్షను కింద ఆలస్యానికి వడ్డీ ఏడాదికి 12 శాతం. 14బి సెక్షను కింద డ్యామేజీలు, అంటే జరిమానా, వేరే. దురుద్దేశం లేదన్నంత మాత్రాన వాటి నుంచి తప్పించుకోలేరని 2022లో సుప్రీంకోర్టు చెప్పేసింది.

"బేసిక్ సగం దాటింది" అన్నది పాత కార్మిక చట్టాల బదులు తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల మాట. అవి అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న, 2021-22కి వర్తించవు. ఈ రెండూ కలగాపులగం చేసి జవాబులు రాసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు.

భీమవరం_లెక్కలు:
చాలా థాంక్సండీ. ఫ్రీజరులో పనిచేసే 22 మందికి నెలకు 900 చలి అలవెన్సు విడిగా ఇస్తున్నారు. అదీ కలుస్తుందా?

కోనసీమ_లేబర్‌లా:
ఫ్రీజరులో దిగినవాళ్ళకే, దిగిన రోజులకే ఇచ్చినట్టు రిజిస్టరులో కనబడితే వాదించొచ్చు. ఆఫీసు క్లర్కు పేరు కూడా ఆ జాబితాలో ఉందంటే వాదన అక్కడే పోతుంది. డ్యూటీ రిజిస్టరూ జీతాల షీటూ పక్కపక్కన పెట్టి, పేరుపేరునా సరిచూడండి. ఇంకోటి, సరుకు రాని నెలల్లో మనుషులు చెయ్యిజారకుండా ఇచ్చే రిటైనింగ్ అలవెన్సు ఉంటే 6వ సెక్షను దాన్ని నేరుగా లెక్కలోకి తెస్తుంది. ఆక్వా ప్లాంట్లు ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

పాలకొల్లు_పేరోల్:
కాంట్రాక్టరు మనుషుల గురించి. కిలో లెక్కన డబ్బు తీసుకున్నా 2(ఎఫ్) కింద వాళ్ళూ ఉద్యోగులే. కాంట్రాక్టరు కట్టకపోతే ప్లాంటు కట్టి, 8ఏ కింద అతని బిల్లులో కోసుకోవాలి. చలానా జిరాక్సు ఒక్కటీ తీసుకుంటే మోసపోతారండీ, ఒకే చలానా రెండు ప్లాంట్లకు చూపించేవాళ్ళున్నారు. పేర్లతో ఉన్న ఈసీఆర్ (నెలనెలా ఆన్‌లైన్‌లో వేసే పీఎఫ్ రిటర్ను) అడగండి. అందులోని యూఏఎన్‌లను (ఒక్కో కార్మికుడి పీఎఫ్ నంబరు) గేటు రిజిస్టరుతో కలిపి చూడండి.

మొత్తం బిల్లు మీద గంపగుత్తగా లెక్క వేస్తే ఒప్పుకోవద్దు. హిమాచల్ ప్రదేశ్ ఫారెస్ట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించగలిగిన కార్మికులకే లెక్క కట్టమంది. కాంట్రాక్టరును, అతని రికార్డులను పిలిపించమని రాతపూర్వకంగా అడగండి. ఫుడ్ కార్పొరేషన్ తీర్పు దానికి ఆధారం.

హైకోర్టు సంగతికొస్తే, మన రాష్ట్ర హైకోర్టు మాట ఇక్కడి అధికారులకు శిరోధార్యం. పక్క రాష్ట్రానిది వాదనకు ఊతం మాత్రమే, అదీ పైకోర్టు కొట్టేయకుండా ఉంటేనే.

కోనసీమ_లేబర్‌లా:
ముందు పీఎఫ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరు (తనిఖీ చేసే అధికారి) రిపోర్టు కాపీ అడుగుతూ ఈరోజే లెటరు పెట్టి, రసీదు తీసుకోండి. విచారణకు వెళ్ళడం మానకండి. మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ ఆర్డరు వస్తే మూడు నెలల్లో రద్దు కోరవచ్చు గానీ, ఎందుకు రాలేదో గట్టి కారణం చూపాలి. ఆర్డరు మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు గడువు 60 రోజులు, 1952 పీఎఫ్ చట్టం ప్రకారమైతే తేల్చిన సొమ్ములో 75 శాతం డిపాజిట్ కట్టాలి. తగ్గించమని అడగొచ్చు. నేరుగా హైకోర్టులో రిట్ వేస్తే, అప్పీలు ఉంది కదా అక్కడికి పొమ్మని పంపేయడమే మామూలు. ఆలోపు 60 రోజులూ దాటిపోకుండా చూసుకోండి.