ఆల్ఫా5 గాబా రిసెప్టర్‌ని (నరకణాల చురుకుని తగ్గించే గాబా రసాయనాన్ని అందుకునే ఒక రకం) అడ్డుకున్నా ఎల్‌టీపీ (నరకణాల మధ్య సంకేతం చాలాసేపు బలపడి ఉండటం) పెరగట్లేదు, ఎందుకు?

ఎలుక హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకి సంబంధించిన భాగం) స్లైసులు (350 మైక్రాన్లు, 31 డిగ్రీలు), అందులోని సీఏ1 ప్రాంతంలో ఫీల్డ్ రికార్డింగ్ (చాలా కణాల ఉమ్మడి స్పందన కొలవడం). ఆల్ఫా5 ఇన్వర్స్ ఎగోనిస్ట్ (రిసెప్టర్ పనిని తగ్గించే మందు) ఎల్-655,708ని 20 నానోమోలార్‌లో అరగంట పోసినా, 100 హెర్ట్జ్ టెటానస్ (వేగంగా వరసగా ఇచ్చే విద్యుత్ పల్సులు) తర్వాత వచ్చే ఎల్‌టీపీకి, కంట్రోల్‌కి తేడా లేదు. మందుని కరిగించే డీఎంఎస్ఓ 0.1 శాతం లోపే ఉంది. గాబా-ఎ రిసెప్టర్లన్నిటినీ మూసే పిక్రోటాక్సిన్ కలపలేదు; కలిపితే ఆల్ఫా5 కూడా మూసుకుపోయి ప్రయోగానికే అర్థం ఉండదు.

అనుమానాలు రెండు. ఈ రిసెప్టర్లు ఎక్కువగా సినాప్స్ (రెండు నరకణాలు కలిసే చోటు) బయట ఉండి, చుట్టూ తేలే కొద్దిపాటి గాబాతోనే పనిచేస్తాయి. పెర్ఫ్యూజన్ (స్లైస్ మీదుగా పారే ద్రావణం) ఆ గాబాని కడిగేస్తోందా? ఏసీఎస్‌ఎఫ్‌లో (ఆ ద్రావణం, అంటే కృత్రిమ మెదడు ద్రవం) 5 మైక్రోమోలార్ గాబా కలిపేవాళ్లు ఉన్నారు, కానీ అది సహజ స్థాయా, మనం తెచ్చిపెట్టుకున్నదా అన్నది తేలదు. రెండోది, 100 హెర్ట్జ్ మరీ బలమైన ప్రేరణ. ఆల్ఫా5 ఎల్‌టీపీ గడపని (అది మొదలవడానికి కావాల్సిన కనీస ప్రేరణని) మార్చేది 10-20 హెర్ట్జ్ దగ్గరే అంటారు.

ముందు ఏది మార్చాలి? 10 హెర్ట్జ్‌కి ఎన్ని పల్సులు ఇస్తున్నారు? మందు మోతాదు పెంచమని మాత్రం చెప్పకండి, ఆల్ఫా1, 2, 3 రకాల రిసెప్టర్లకీ మందు తగులుతుంది. టానిక్ కరెంట్‌ని (సినాప్స్ బయటి రిసెప్టర్ల వల్ల ఎడతెగక పారే కరెంట్) ప్యాచ్‌తో (ఒక్కో కణం కరెంట్‌ని కొలిచే పద్ధతి) ముందే కొలిచి చూసుకోవడం తప్పనిసరా?