రాత చదవగలిగితే చెయ్యి బాగున్నట్టేనా?

గుమాస్తా_గుంటూరు:
ఇరవై రెండేళ్లు రిజిస్టర్లు రాసిన చెయ్యి నాది. రెండేళ్లుగా రైటర్స్ క్రాంప్, అంటే రాసేటప్పుడు వేళ్లు, చెయ్యి వాటంతటవే బిగుసుకుపోయే జబ్బు. అన్నం కలిపేటప్పుడు, స్కూటర్ నడిపేటప్పుడు ఏమీ ఉండదు, పెన్ను పడితేనే మొదలు. సర్టిఫికెట్ కోసం వెళ్తే డాక్టర్‌గారు నాలుగు లైన్లు రాయించి, "చక్కగా చదవొస్తోంది కదా" అని పంపించేశారు. ఆ నాలుగు లైన్లకు ఆరు నిమిషాలు పట్టింది. నొక్కీ నొక్కీ చూపుడువేలి గోరు తెల్లబడింది, మణికట్టు లోపలికి తిరిగిపోయింది. కాగితం మీద అవేవీ కనపడవే!

తెలుగు_పంతులు:
బాధ అర్థమైంది అన్నగారూ. కానీ పేపర్లు దిద్దే నాకు చేరేది కాగితం ఒక్కటే. మొన్న ఒక పిల్లాడి జవాబులో వత్తులన్నీ కింది లైనులో కలిసిపోయాయి. వాడికి తెలిసిందో లేదో ఎలా తేల్చను? చదవగలగడమే అసలు కొలత అంటాను.

చేతి_థెరపిస్ట్:
పంతులుగారూ, కొలవాల్సిందే. కొలిచే తీరే తప్పు. 'వాడు' కాస్త 'పాడు'లా ఉన్నా, వాక్యంలో ఉంటే మన కళ్లు సరిదిద్దుకుని చదివేస్తాయి. అందుకే నేను పొంతన లేని విడి మాటలు రాయించి, ఆ రాత ఎప్పుడూ చూడనివాళ్లతో చదివిస్తాను. మొదటి నిమిషం రాత, పదో నిమిషం రాత పక్కపక్కన పెడతాను. టైమ్ రాసుకుంటాను, నొప్పి అడుగుతాను, వేళ్లను వీడియో తీస్తాను. చాలామంది రాతను నిలబెట్టుకోవడానికి వేగాన్ని వదులుకుంటారు. అక్షరం మాత్రమే చూస్తే ఆ నష్టం లెక్కలోకే రాదు.

2007లో నెదర్లాండ్స్‌లో రైటర్స్ క్రాంప్‌కు ఇచ్చే బోట్యులినమ్ ఇంజెక్షన్ (బిగుసుకునే కండరాన్ని సడలించే మందు) మీద ఒక ట్రయల్ ప్రచురించారు. అందులో ముఖ్యంగా చూసింది, ఈ చికిత్స కొనసాగించాలని పేషెంటు కోరుకుంటున్నాడా అన్నది. మందు తీసుకున్న 20 మందిలో 14 మంది అవునన్నారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న 19 మందిలో 6గురు. నాకు నచ్చిన కొలత అది.

తెలుగు_పంతులు:
మేడమ్, పరీక్షలో పేషెంటు కోరికతో మార్కులు వేయలేం కదా?

చేతి_థెరపిస్ట్:
వేయక్కర్లేదు, రాసిపెట్టే మనిషిని ఇస్తే చాలు. 2021లో సివిల్స్ అభ్యర్థి వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఆయనకున్నదీ రైటర్స్ క్రాంపే. 40 శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను కాదనకూడదంది.

తెలుగు_పంతులు:
స్క్రైబ్ విషయం ఒప్పుకుంటాను. మిగతా పేపర్లకు నా మాట అదే.

గుమాస్తా_గుంటూరు:
మేడమ్, వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. పది నిమిషాలు రాయించమని నేనే అడుగుతాను. వాచీ బల్ల మీద పెట్టి మరీ రాస్తాను.